పరాయి దేశంలో కోసిన పన్ను – నాలుగో పాఠం: టీచరమ్మ జాక్‌పాట్

ముందు పోయినసారి ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. అమెరికా కంపెనీ షేర్లపై వంద డాలర్ల డివిడెండు వచ్చింది, అక్కడ పాతిక డాలర్లు కోసుకున్నారు, ఆ మనిషి ఇక్కడ 20 శాతం శ్లాబులో ఉన్నాడు, అతనికి ఎంత క్రెడిట్, అంటే అక్కడ కోసినదానికి బదులుగా ఇక్కడి పన్నులో ఎంత తగ్గింపు, దొరుకుతుంది అని అడిగాను. జవాబు 25 కాదు, 20.80. 20 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు కలిపితే ఇక్కడ పడేది అంతే. మిగిలిన 4.20 డాలర్లకు నీళ్లు వదులుకోవలసిందే. అక్కడ కోసినదాన్నీ ఇక్కడ పడేదాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటిలో తక్కువదాన్ని తీసుకోవాలి. ఈ ముక్క చేతిలో ఉంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనిపడుతుంది.

ఇవాళ్టి పాఠం జూదంలో గెలిచిన డబ్బు గురించి. తిరుపతిలో కూర్చుని జూదం పాఠమా అని ముక్కు విరిచేవారు ఉంటారు. నాకూ మొదట అలాగే అనిపించింది. లాటరీ టికెట్టు అమ్మడానికే వీల్లేని రాష్ట్రం మనది. అయితే మన ఊళ్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. వారిని చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలకు పిల్లలు గ్రాండ్ క్యానియన్ చూపిస్తారు. గ్రాండ్ క్యానియన్ చూపించిన కొడుకు, జూదశాలల ఊరు లాస్ వేగాస్ దీపాలు చూపించకుండా ఇంటికి తీసుకురాడు. దీపాలు చూడటానికి వెళ్లినవారు సరదాగా ఒక్కసారి మీట నొక్కుతారు. ఆ ఒక్కసారితో మొదలైన కాగితాలే చివరికి మా ఆఫీసుకు వస్తాయి.

పోయిన సంవత్సరం జూలైలో ఒక మధ్యాహ్నం, గోవిందరాజస్వామి గుడి దగ్గర మేడ మీద ఉన్న మా ఆఫీసుకు ఒక పెద్దావిడ, ఆవిడ భర్త వచ్చారు. ఆవిడ లెక్కల టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయన తపాలా శాఖలో చేసి వచ్చారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు: "నాయనా, నేను జూదమాడాను."

ఆయన వెంటనే అందుకున్నారు. "ఆవిడ పేరు ఎందుకులెండి, నా రిటర్నులో రాసేయండి."

"మాస్టారూ, మిషన్ ముందు కూర్చున్నది ఎవరు?" అని అడిగాను. ఆవిడ. పాస్‌పోర్టు చూపించింది ఎవరు? ఆవిడే. కాగితం ఎవరి పేరు మీద ఇచ్చారు? ఆవిడ పేరు మీదే. అలాంటప్పుడు ఆదాయమూ ఆవిడదే, కోసిన పన్నూ ఆవిడదే. భర్త పరువు కోసం తన రిటర్నులో రాసుకుంటే, ఆదాయం ఒకరి పాన్ మీద, పన్ను రుజువు ఇంకొకరి పేరు మీద ఉంటాయి. ఆ క్రెడిట్ ఇద్దరికీ దక్కదు. ఈ పనిలో మొదటి అడుగు ఇదే: కాగితం మీద ఎవరి పేరుందో చూడండి.

ఆ కాగితం పేరు ఫారం 1042-ఎస్. అమెరికాలో నివాసి కాని విదేశీయుడికి డబ్బు చెల్లిస్తూ పన్ను కోసినప్పుడు ఇచ్చే పత్రం అది. మన దగ్గర టీడీఎస్ కోసినవారు ఇచ్చే ఫారం 16ఏ లాంటిదనుకోండి. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టు అట్టలో పదిలంగా దాచుకున్నారు. మడతలు విప్పి బల్ల మీద పరిచాను. ఒకటో గడిలో 28 అని ఉంది. అది ఆదాయపు కోడ్, జూదంలో గెలిచిన డబ్బని అర్థం. రెండో గడిలో 4,000. అది కోతకు ముందు మొత్తం. 3బి గడిలో 30.00, అంటే పన్ను శాతం. 7ఎ గడిలో 1,200, అంటే కోసిన ఫెడరల్ పన్ను. ఈ కాగితంలో ఇంకా డజన్ల గడులున్నాయి. మన పనికి ఈ నాలుగు, పేరు ఉన్న గడి, సంవత్సరం చాలు.

"చేతికి 2,800 ఇచ్చారు. నాలుగు వేలలో పన్నెండు వందలంటే ముప్పై శాతమని అక్కడే లెక్క కట్టాను నాయనా. ఎందుకు కోశారో మాత్రం తెలియలేదు" అన్నారావిడ. స్లాట్ మిషన్‌లో పెద్ద మొత్తం పడగానే మిషన్ ఆగిపోయి, పైన దీపం తిరుగుతుంది. ఉద్యోగి వచ్చి గుర్తింపు పత్రం అడుగుతాడు. అప్పట్లో ఆ హద్దు 1,200 డాలర్లు, 2026 నుంచి 2,000 చేశారు. దీపం తిరగగానే టీచరమ్మ తాను ఏదో పగలగొట్టానని అనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట.

ఇక అసలు ప్రశ్న. ఆ 1,200 డాలర్లు అమెరికా నుంచి వెనక్కి వస్తాయా?

మనవాళ్లకు దాదాపు ఎప్పుడూ రావు. ఈ మాట మొదటే చెప్పడం మంచిది. ఎందుకంటే, విదేశీయులు జూదంలో కట్టిన పన్ను వెనక్కి ఇప్పిస్తామంటూ కమీషన్ మీద పనిచేసేవారు ఉన్నారు. వారి మాట అబద్ధం కాదు, కానీ అది వేరే దేశాలవారికి. బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్ లాంటి దేశాలతో అమెరికా చేసుకున్న పన్ను ఒప్పందాల్లో ఇలాంటి ఆదాయం మీద పన్ను వేసే హక్కు నివాస దేశానికే వదిలేశారు. ఆ దేశాలవారికి మొత్తం వెనక్కి వస్తుంది. కెనడావారు తాము పోగొట్టుకున్న డబ్బును గెలిచిన దాంట్లోంచి తీసివేసి లెక్క కట్టుకోవచ్చు. భారత్–అమెరికా ఒప్పందం 1989లో కుదిరింది. అందులో 23వ అధికరణం మూడో పేరా, మరెక్కడా ప్రస్తావించని ఆదాయం ఏ దేశంలో పుడితే ఆ దేశం కూడా పన్ను వేయవచ్చని చెబుతుంది. కాబట్టి ఆ ముప్పై శాతం న్యాయంగా కోసినదే. "అదే మిషన్‌లో అంతకుముందు అరవై డాలర్లు పోగొట్టుకున్నాను, అదైనా తీసివేయరా?" అని అడిగారు టీచరమ్మ. మనకు ఆ వెసులుబాటు కూడా లేదు.

రెండు సందర్భాల్లో మాత్రం అమెరికాను అడగడం సబబు. ఒకటి, కోయకూడని ఆట మీద కోసినప్పుడు. బ్లాక్‌జాక్, బాకరా, క్రాప్స్, రూలెట్, బిగ్-6 చక్రం అనే అయిదు ఆటల్లో నివాసి కాని విదేశీయుడు గెలిచిన డబ్బుకు అమెరికా చట్టమే పన్ను మినహాయించింది. రెండోది, కాగితం మీద తప్పు పడినప్పుడు. అంటే అంకె ఎక్కువ రాయడం, ఒకే గెలుపును రెండుసార్లు చూపించడం లాంటివి. అప్పుడు ఫారం 1040-ఎన్ఆర్ అనే రిటర్ను దాఖలు చేయాలి. దానికి అక్కడి పన్ను గుర్తింపు సంఖ్య, ఐటిన్, కావాలి. అది లేనివారు ఫారం డబ్ల్యూ-7 నింపి రిటర్నుతో జతచేసి పంపాలి. దాంతోపాటు పాస్‌పోర్టు అసలుదైనా, దాన్ని జారీచేసిన కార్యాలయం ధ్రువీకరించిన నకలైనా పంపాలి. అసలు పాస్‌పోర్టును టపాలో సముద్రం దాటించమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. అక్కడి పన్ను శాఖ, ఐఆర్ఎస్, గుర్తించిన ఏజెంట్లు పాస్‌పోర్టు చూసి వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. ఆ దారి మేలు. సాధారణంగా రిటర్ను వేసిన మూడేళ్లలోపు వాపసు అడగవచ్చు.

టీచరమ్మది స్లాట్ మిషన్. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. అమెరికా తలుపు మూసేసి ఇక్కడి తలుపు తట్టాం.

ఇక్కడ ఆయన ఒక మాట అడ్డం వేశారు. అది దాదాపు అందరూ వేసే మాటే. "ఆ డబ్బు ఇండియాకు తేలేదండీ. మనవరాలి చదువుకని మా అబ్బాయి ఖాతాలోనే వేసి వచ్చాం. దానికి ఇక్కడ పన్నేమిటి?"

డబ్బు ఎక్కడుందో కాదు, మనిషి ఎక్కడివాడో చూస్తుంది మన చట్టం. 2024 జూన్ మొదట్లో వెళ్లి నవంబరు మధ్యలో తిరిగి వచ్చారు. ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి ఇక్కడే ఉన్నారు, అంతకుముందు ఎప్పుడూ దేశం దాటలేదు. కాబట్టి ఆవిడ పూర్తి నివాసి. నివాసికి ప్రపంచంలో ఏ మూల ఆదాయం వచ్చినా ఇక్కడ చూపించాల్సిందే. జూదం, లాటరీ, గుర్రప్పందేల గెలుపులకు 1961 చట్టంలో ప్రత్యేకంగా సెక్షన్ 115బీబీ ఉంది. నేరుగా 30 శాతం, దానిమీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2. ఈ డబ్బుకు ప్రాథమిక మినహాయింపు వర్తించదు. టికెట్టు ఖర్చు, ఆటకు పెట్టిన ఖర్చు తీసివేయడానికీ వీల్లేదు. ఆవిడ పెన్షను ఎంత తక్కువైనా ఈ 31.2 తగ్గదు. ఈ చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాతి ఆదాయానికి సెక్షన్ల సంఖ్యలు మారతాయి. మన ఉదాహరణ 2024-25 ఆదాయం కాబట్టి పాత సంఖ్యలే చెబుతున్నాను.

ఇప్పుడు లెక్క. పెన్ను తీసుకోండి.

డాలర్లను రూపాయల్లోకి మార్చడానికి ఒకే రేటు వాడతారని అనుకుంటాం. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. రెండు రేట్లు కావాలి. రెండూ స్టేట్ బ్యాంకు టెలిగ్రాఫిక్ బదిలీ కొనుగోలు రేట్లే, అంటే బ్యాంకు డాలర్లు కొనే రేట్లే గానీ, తేదీలు వేరు. ఈ రకం ఆదాయానికి ఆర్థిక సంవత్సరం చివరి రోజు, అంటే మార్చి 31 నాటి రేటు. కోసిన పన్నుకు, కోసిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు. టీచరమ్మ గెలిచింది అక్టోబరులో. కాబట్టి పన్నుకు సెప్టెంబరు 30 రేటు. డబ్బును మార్చి 31 లోపే సక్రమంగా ఇండియాకు తెచ్చుకుని ఉంటే ఆదాయానికి ఈ మార్చి 31 సూత్రం వర్తించదు. ఆవిడ అక్కడే వదిలి వచ్చారు కాబట్టి వర్తిస్తుంది.

చేతి లెక్కకు అనువుగా మార్చి రేటు 85, సెప్టెంబరు రేటు 83 అనుకుందాం. మీ లెక్కలో బ్యాంకు ప్రకటించిన అసలు రేటే పైసలతో సహా వేయాలి.

ఆదాయం: 4,000 × 85 = 3,40,000 రూపాయలు.
ఇక్కడి పన్ను 30 శాతం: 1,02,000. సెస్సు 4,080. కలిపి 1,06,080.
అక్కడ కోసిన పన్ను: 1,200 × 83 = 99,600.
రెండింటిలో తక్కువది 99,600. అదే క్రెడిట్.
ఇక్కడ కట్టాల్సింది: 1,06,080 – 99,600 = 6,480.

కాగితం ఆవిడ వైపు తిప్పాను. లెక్కల టీచరు కదా, తన పెన్నుతో మళ్లీ మొదటి నుంచి వేసుకున్నారు. వేసి, "అంటే లక్ష పోయిందనుకున్నది పోలేదన్నమాట. ఇక్కడ కట్టాల్సిన దాంట్లోకి చెల్లిపోయింది" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. వాపసు అంటే మనీయార్డరు రావడమని మన ఊహ. ఇలాంటి కేసుల్లో చేతికి రూపాయి రాదు. కట్టాల్సిన లక్షా ఆరు వేలు ఆరున్నర వేలకు తగ్గుతుంది, అంతే. పైగా ఇది అడగనిదే దొరకదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటి చెప్పాలి. చేతికి వచ్చింది 2,800 కాబట్టి ఆదాయం 2,800 అని రాస్తారు. 2,800 × 85 అంటే 2,38,000, దానిమీద పన్ను 74,256. క్రెడిట్ కింద మాత్రం 99,600 అడుగుతారు. కోతకు ముందు మొత్తాన్ని చూపించకుండా కోతకు మాత్రం క్రెడిట్ అడగడమంటే అరటిపండు తినేసి తొక్కకూ ధర కట్టమన్నట్టే. జీతం విషయంలో టీడీఎస్ పోగా చేతికి వచ్చినదాన్నే జీతమని ఎవరూ రాయరు. డాలర్లు చూడగానే ఆ తెలివి ఎటో పోతుంది.

మరో చిక్కు. పోయిన పాఠంలో డివిడెండు మీద 4.20 డాలర్లు వృథా అయ్యాయి కదా, ఇక్కడ ఆవిడ ఇంకా 6,480 కట్టాలి కదా, ఒకే మనిషికి రెండూ ఉంటే ఆ మిగులును ఇక్కడ సర్దుకోవచ్చా? విదేశీ పన్ను క్రెడిట్‌కు సంబంధించిన మన ఆదాయపు పన్ను నిబంధన, రూల్ 128, ఒప్పుకోదు. ఒక్కో దేశం, ఒక్కో రకం ఆదాయం విడివిడిగా లెక్క కట్టి, ఒక్కోదాంట్లో తక్కువదాన్ని తీసుకుని, ఆ తర్వాతే కూడాలి.

రిటర్ను నింపడం అంత కష్టమేమీ కాదు. విదేశీ ఆదాయం ఉన్నవారికి సహజ్, అంటే ఐటీఆర్-1, పనికిరాదు. ఏటా సహజ్ వేసుకునే పెన్షనర్లు అలవాటు కొద్దీ అదే తెరుస్తారు. ఐటీఆర్-2 తీసుకోండి. ఇతర ఆదాయాల షెడ్యూలులో 115బీబీ గడిలో 3,40,000. విదేశీ ఆదాయాల షెడ్యూలు ఎఫ్ఎస్ఐలో దేశం, ఆదాయం, అక్కడి పన్ను, ఇక్కడి పన్ను, రెండింటిలో తక్కువది. అక్కడి పన్ను సంఖ్య లేకపోతే ఆ గడిలో పాస్‌పోర్టు నంబరు వేయవచ్చు. ఒప్పందంలో ఉపశమనం ఇచ్చే అధికరణం 25, అది వేయండి. ఆ అంకెలే పన్ను ఉపశమనం చూపించే షెడ్యూలు టీఆర్‌లోనూ కనబడాలి.

ఆగి, నిదానంగా చూసుకోవాల్సింది ఫారం 67, అంటే విదేశీ పన్నుకు క్రెడిట్ అడిగే ఫారం. ఇది రిటర్నులో భాగం కాదు, ఈ-ఫైలింగ్ పోర్టల్లో విడిగా ఉంటుంది. దేశం, ఆదాయం, కోసిన పన్ను, ఒప్పందం అధికరణం, అడుగుతున్న క్రెడిట్ అందులో నింపి, రుజువు జతచేసి, ఓటీపీతో ధ్రువీకరించాలి. ఆడిటరు సంతకం అక్కర్లేదు. రుజువుగా అక్కడి పన్ను శాఖ ఇచ్చిన పత్రమైనా, పన్ను కోసినవారు ఇచ్చినదైనా చెల్లుతుంది. 1042-ఎస్ ఈ రెండో రకం. అది కూడా లేనివారు తాము సంతకం చేసిన వివరణకు కోత జరిగినట్టు ఆధారం జతచేయాలి. నేనైతే ముందు ఫారం 67 వేసి, దాని రసీదు నంబరు రాసుకుని, ఆ తర్వాతే రిటర్ను తెరుస్తాను. నియమం ఈ వరుస అడగదు, నా అనుభవం అడుగుతుంది.

ఆ అనుభవమూ చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడి విదేశీ జీతం రిటర్ను గడువులోపే వేశాను. ఫారం 67 మాత్రం రేపు వేద్దాం, ఎల్లుండి వేద్దాం అనుకుంటూ వారం ఆలస్యం చేశాను. అప్పట్లో రిటర్ను గడువే దానికీ గడువు. క్రెడిట్ మొత్తం కొట్టేసి, వడ్డీతో సహా డిమాండు నోటీసు వచ్చింది. ఫారం ఆలస్యమైనంత మాత్రాన ఒప్పందం ఇచ్చిన హక్కు పోదని ట్రైబ్యునళ్లు చెప్పిన తీర్పులు పట్టుకుని అప్పీలుకు వెళ్లాం. చివరికి గెలిచాం గానీ, ఆ కుర్రాడి తండ్రికి ముఖం చూపించలేక ఆ రెండేళ్లు నేను ఆ వీధిలో నడవలేదు. 2022 ఆగస్టులో నిబంధన సడలించారు. ఇప్పుడు రిటర్ను గడువులోపు గానీ ఆలస్యపు గడువులోపు గానీ వేసి ఉంటే, ఫారం 67 మదింపు సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి సంవత్సరం, ముగిసే దాకా వేయవచ్చు. టీచరమ్మ కేసులో 2026 మార్చి 31 దాకా సమయం ఉండేది. అయినా అదే మధ్యాహ్నం వేసేశాం.

ఏటా ఆరేసి నెలలు అమెరికాలో గడిపే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. వీసా పర్యాటకులదే అయినా, రోజుల లెక్క దాటితే పన్ను కోసం అమెరికా మిమ్మల్ని తన నివాసిగా చూస్తుంది. ఈ ఏడాది ఉన్న రోజులు మొత్తం, పోయిన ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలపండి. మొత్తం 183కు చేరితే, ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉంటే, లెక్కలోకి వచ్చినట్టే. టీచరమ్మ ఆ ఏడాది 168 రోజులున్నారు, ముందు ఏళ్లలో సున్నా. కాబట్టి బయటపడ్డారు. ముందు ఏడాది ఒక తొంభై రోజులు ఉండి ఉంటే మరో ముప్పై కలిసి 198 అయ్యేది. అప్పుడు పైన చెప్పిన లెక్కంతా తిరగబడుతుంది. ఈ ఏడాది 183 రోజుల కంటే తక్కువ ఉన్నవారు, తమ ఇల్లూ వాకిలీ ఇండియాలోనే అని ఫారం 8840 ద్వారా చెప్పుకోవచ్చు. ఇది ఒక్క పేరాతో తేలేది కాదు, వచ్చే పాఠం మొత్తం దీనికే.

ఇంకొకటి, పాఠానికి సంబంధం లేకపోయినా. వేగాస్ కథ విన్న పక్కింటాయన, ఇక్కడి నుంచే డబ్బు పంపి అమెరికా లాటరీ టికెట్టు కొనవచ్చా అని అడిగారు. లాటరీ టికెట్ల కోసం విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారకద్రవ్య నిబంధనలు నిషేధించాయి. ఆ దారిలో గెలిస్తే పన్ను కంటే పెద్ద చిక్కులు వస్తాయి.

అభ్యాసం. ఒకటి: అదే టీచరమ్మ లండన్‌లో ఆడి 4,000 డాలర్లకు సమానమైన డబ్బు గెలిచారనుకోండి. బ్రిటన్‌లో ఆటగాడి గెలుపు మీద పన్ను లేదు. పై రేట్లతోనే ఇక్కడ కట్టాల్సింది ఎంత? ఫారం 67 వేయాలా? రెండు: తపాలా మాస్టారు రూలెట్‌లో 1,500 డాలర్లు గెలిస్తే 450 డాలర్లు కోశారు. ఆయన ఫారం 67లో ఆ 450కి క్రెడిట్ అడిగారు. ఆయన తట్టాల్సిన తలుపు అదేనా? మూడు: టీచరమ్మ సెప్టెంబరు 30న గెలిచి ఉంటే, పన్ను మార్పిడికి ఏ తేదీ రేటు వేయాలి? మూడోది తేలిక అనుకునేవారు నిబంధనలోని "ముందు నెల" అన్న మాట మరోసారి చదివి రాయండి.